రెండో చెవి

కామారెడ్డి,
ఆగస్టు 18

విజయేందర్ భాయ్‌కి,

సలాం. నేను కుల్సుంను, ఖలీద్ అక్కను. మీ అడ్రసు యూనిట్ వాళ్ళను నాలుగుసార్లు అడిగితే ఇచ్చారు. ఫోన్ నంబరు కూడా ఇచ్చారు గానీ, మీరు ఫోన్ ఎత్తరని వాళ్ళే చెప్పారు. అందుకే రాస్తున్నాను. నేను చదివింది తెలుగు మీడియంలోనే. అంగన్‌వాడీలో పిల్లలకు చెప్పేదీ తెలుగే. కాబట్టి తప్పులుండవనుకుంటాను.

అమ్మీ పోయినప్పుడు ఖలీద్‌కు ఆరేళ్ళు, నాకు పదిహేడు. వాడికి అన్నం తినిపించింది, బడికి పంపింది, పటాలంలో చేరుతానంటే వద్దని మూడు రోజులు మాట్లాడకుండా ఉన్నదీ నేనే. వాడు సెలవుకు వచ్చినప్పుడల్లా మీ ముచ్చటే. “ఆపా, మా పోస్టుల తెలుగు మాట్లాడేటోళ్ళం ఇద్దరమే. విజయన్న లేకపోతే నా నోరు పడిపోతుండె” అనేవాడు.

వాడు పోయి రెండేళ్ళయింది. మీకూ అదే రోజు గాయమైందని తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడు అడగాల్సి వస్తోంది. మా అబ్బా అజ్మత్ అలీకి డెబ్బై నాలుగేళ్ళు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశారు. ఈ మధ్య ఆయనకు వేరే ధ్యాస లేదు. కొడుకు చివరి ఘడియ ఎలా గడిచిందో, పక్కన ఉన్న మనిషి నుంచి వినాలంటున్నారు. నాలుగు మాటలు రాస్తే చాలు.

కుల్సుం

&nbsp;

అమీర్‌పేట, హైదరాబాద్,
ఆగస్టు 29

కుల్సుం ఆపాకు,

ఖలీద్ మిమ్మల్ని అలాగే పిలిచేవాడు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

ఫోన్ ఎత్తనిది పొగరుతో కాదు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఫోన్ మోగితే ఒళ్ళంతా జలదరిస్తుంది. ఎడమ మడమలో ఇనుప పట్టీ ఉంది, కర్రతో నడుస్తాను. ఇక్కడ కంప్యూటర్ కోర్సులు చెప్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కెమెరాల గదిలో పని చేస్తున్నాను. పదహారు తెరలు. ఎవరు ఏ మెట్టు మీద ఆగారో, ఎవరి చేతిలో ఏ సంచి ఉందో నా కళ్ళు వదలవు. మా మేనేజర్ సురేందర్ అందరికీ చెప్తుంటాడు, “మా విజయన్న కండ్ల నుంచి చీమ సుత తప్పించుకోది” అని. మెచ్చుకోలుగానే అంటాడు.

నా భార్య దివ్యశ్రీ, పాప పింకీ బాగున్నారు.

ఖలీద్ సంగతి. ఆపా, వాడికి నొప్పి తెలియలేదు. మొదటి షెల్ పడినప్పుడే అయిపోయింది. ఒక్క క్షణం. అబ్బాకు ఈ మాట చెప్పండి. నేను వచ్చి చెప్పాల్సింది, రాలేకపోయాను, క్షమించండి.

విజయేందర్

&nbsp;

కామారెడ్డి,
సెప్టెంబర్ 12

తమ్ముడు విజయేందర్‌కు,

ఆపా అన్నావు కాబట్టి ఇక నిన్ను మీరు అనను.

నీ ఉత్తరం అబ్బాకు చదివి వినిపించలేదు. ఎందుకో చెప్తాను. ఆర్మీ వాళ్ళు పంపిన కాగితాలు ఇంగ్లీషులో ఉంటే, మా బడి టీచరమ్మతో చదివించుకున్నాం. గాయపడిన సమయం తొమ్మిది నలభై. ప్రాణం పోయిన సమయం పది యాభై ఐదు. అబ్బా ఆ రెండు అంకెలను గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నారు. రోజూ వాటిని చూస్తారు. “గంటంబావు, బేటీ. గంటంబావు వాడు ఏం చేసిండు? ఒక్కడే ఉన్నడా?” అంటారు. ఆయనకు కావాల్సింది అదొక్కటే. ఎలా పోయాడన్నది కాదు, ఒంటరిగా పోయాడా అని.

ఇంకొకటి. యూనిట్ వాళ్ళు ఇచ్చిన నంబరుకు ఒకసారి చేసి చూద్దామని చేశాను. దివ్యశ్రీ ఎత్తింది, ఆ ఫోన్ ఇప్పుడు ఆమె దగ్గరే ఉందట. జనగామ నుంచి మాట్లాడింది. పాపను తీసుకొని అమ్మగారింటికి వచ్చి ఏడు వారాలయిందట. నేను ఎవరో చెప్పగానే ఏడ్చింది. కారణం అడగలేదు, ఆమె చెప్పలేదు.

నువ్వు నన్ను మోసం చేయాలని రాశావనుకోవడం లేదు. మనసు నొప్పించకూడదని రాసి ఉంటావు. కానీ రెండుసార్లు అబద్ధం రాశావు తమ్ముడూ. మూడోసారి నిజం రాయి.

నీ ఆపా

&nbsp;

అమీర్‌పేట,
సెప్టెంబర్ 30

ఆపాకు,

మీ ఉత్తరం జేబులో పెట్టుకొని రెండు వారాలు తిరిగాను. ఇంటి సంగతి రాయగలను. అది ముందు రాస్తాను.

జూన్ మొదట్లో ఒక ఆదివారం పింకీకి బడి సంచి కొందామని బయలుదేరాం. దానికి ఏడేళ్ళు. పంజాగుట్ట చౌరస్తా దగ్గర రోడ్డు దాటుతుంటే వెనక లారీ టైరు పగిలింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది డివైడర్ పక్కన మట్టి వాసన. పిల్లను కింద పడేసి దాని మీద బోర్లా పడుకున్నానట. ట్రాఫిక్ కానిస్టేబుల్ లేపబోతే మోచేత్తో కొట్టానట. నలుగురు పట్టి లాగితే గానీ లేవలేదట. నా కింద పింకీ “డాడీ, చెయ్యి, చెయ్యి” అని అరుస్తూనే ఉందట. దాని చెయ్యి రెండుచోట్ల విరిగింది. నేనే విరిచాను.

కట్టు విప్పిన రోజు నేను దగ్గరికి వెళ్తే పింకీ గోడకు అతుక్కుపోయింది. దివ్యశ్రీ బట్టలు సర్దింది. “నిన్ను ఇడిచిపెట్టి పోతలేను. పిల్లను కాపాడుకోనీకి పోతున్న. నువ్వు మంచిగైనంక పిలువు” అన్నది. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు.

సోమాజిగూడలో ఒక ఆస్పత్రికి వెళ్తున్నాను. అక్కడ నొప్పులకు వైద్యం చేసే డాక్టర్ మంజూష మడమ చూడ్డానికని పిలిచి, నా చేతుల వణుకు చూసి మానసిక వైద్యుడితో మాట్లాడింది. మందులు రెండేళ్ళుగా వాడుతున్నాను గానీ పెద్దగా తేడా లేదు. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒక ఇంజక్షన్ చేద్దామంటున్నారు. యుద్ధంలో దెబ్బతిన్న కొందరికి ఇలా చేస్తారట. ఆమె చెప్పిన మాటే రాస్తాను: “గొంతు పక్కన నరాల ముడి ఒకటి ఉంటది విజయేందర్. ఆపద వచ్చిందని గుండెకు, చెమటకు కబురు పోయే దారి అది. దాని చుట్టూ మత్తుమందు ఇస్తం. మత్తు కొన్ని గంటలల్లనే పోతది. కాని కొందరికి ఆ అదురు నెలల తరబడి తగ్గి ఉంటది. కొందరికి అసలు పనిచెయ్యది. ఉత్త మాటలు చెప్పను. జరిగినదాన్ని మాత్రం ఇది చెరిపెయ్యది.”

ఆ చివరి మాట విని ఒప్పుకోవాలనిపించింది.

ఆపా, ఖలీద్ గురించి రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. వాడి పేరు రాయగానే చేయి చెమటతో కాగితానికి అంటుకుపోతోంది, అక్షరం సాగడం లేదు. సాకు చెప్పడం లేదు. ఇంజక్షన్ అయ్యేదాకా ఆగండి. అది పనిచేసినా, చేయకపోయినా రాస్తాను.

విజయేందర్

&nbsp;

కామారెడ్డి,
అక్టోబర్ 14

తమ్ముడికి,

పింకీ సంగతి చదివి ఆ పూట అంగన్‌వాడీకి వెళ్ళలేకపోయాను. నువ్వు పిల్లను కొట్టలేదు, నీ ఒంటిని అడ్డం పెట్టావు. ఆ తేడా ఏడేళ్ళ పిల్లకు ఎలా తెలుస్తుంది? పెద్దయ్యాక తెలుస్తుంది. అప్పటిదాకా నువ్వు దాని దగ్గర ఉండాలి.

ఇంజక్షన్ చేయించుకో. భయపడకు. ఇక్కడ అందరం బాగున్నాం. అబ్బా బాగున్నారు, నిన్ను అడుగుతున్నారు. తొందరేమీ లేదు, నీకు వీలైనప్పుడే రాయి.

ఆపా

&nbsp;

అమీర్‌పేట,
నవంబర్ 6

ఆపాకు,

సోమవారం ఇంజక్షన్ అయింది. సురేందర్ తోడు వచ్చాడు. వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కుడివైపు చల్లటి జెల్ రాసి, చిన్న తెర మీద లోపల చూస్తూ సూది దించారు. పెద్దగా నొప్పి లేదు. కొంతసేపటికి కుడి కనురెప్ప వాలిపోయింది, ముక్కు బిగుసుకుంది, గొంతు బొంగురుపోయింది. డాక్టరమ్మ నా ముఖం చూసి “మంచిగ పడ్డది, మందు సరైన జాగకు పోయినట్టు గుర్తు ఇదే” అన్నది. సాయంత్రానికి అన్నీ మామూలయ్యాయి.

మర్నాడు డ్యూటీకి నడిచి వెళ్తుంటే మైత్రీవనం దగ్గర ఎవరో షట్టర్ ఒక్కసారిగా పైకి లేపారు. నేను తలతిప్పి షట్టర్ వైపు చూశాను. అంతే. చూసి ముందుకు నడిచాను. పది అడుగులు వేశాక గానీ నేను కింద పడుకోలేదన్న సంగతి గుర్తుకు రాలేదు.

కాబట్టి ఇప్పుడు రాయకపోవడానికి నాకు ఏ సాకూ లేదు.

ఆ పొద్దున ఇద్దరం నీళ్ళ డబ్బాలు తేవడానికి స్టోరు వైపు వెళ్ళాం. బంకర్‌కూ దానికీ మధ్య ఇరవై ఐదు అడుగులుంటాయి. షెల్ మాకు దగ్గరలోనే పడింది. నాకు మడమ పోయింది. ఖలీద్‌కు తొడ, కడుపు. నేను పాకి వెళ్ళి వాడి తొడకు పట్టీ బిగించాను. వాడికి స్పృహ ఉంది. మాట్లాడుతున్నాడు. ఏం మాట్లాడాడో మీరు తెలుసుకోవాలి. ముందు రోజు క్యారమ్స్‌లో నా చేతిలో ఓడిపోయాడు. “నువ్వు దొంగాట ఆడినవ్ విజయన్నా. రెడ్ నువ్వు ఏసింది కాదు, మోచెయ్యి తగిలి పడ్డది. మళ్ళ ఆడాలె” అన్నాడు. నవ్వాడు కూడా. తర్వాత మంచినీళ్ళు అడిగాడు. కడుపులో దెబ్బ ఉందని పెదాలు తడిపాను, అంతే. నొప్పి ఉంది ఆపా. లేదని రాసింది అబద్ధం.

ఇంకో రెండు షెల్స్ పడ్డాయి. నేను వాడితో అన్నాను, “లోపలికి పోయి మందిని తోలుకొస్త. ఇప్పుడే వస్త.” వాడు నా చొక్కా పట్టుకున్నాడు. “అందరు వస్తరు తియ్ భాయ్, నువ్వు ఉండు” అన్నాడు. నేను వాడి వేళ్ళు విప్పి పాకుతూ బంకర్‌కు వెళ్ళాను.

అప్పటికి మనుషులను పిలవాలనే నా ఉద్దేశం. అది నిజం. కానీ బంకర్‌లో ఎవరూ లేరు, మిగిలినవాళ్ళు పోస్టు అవతలి వైపు చిక్కుబడి ఉన్నారు, వైర్‌లెస్ పలకడం లేదు. నేను వెనక్కి వెళ్ళాలి. షెల్లింగ్ ఆగింది. పది నిమిషాలు పూర్తిగా ఆగింది. నేను ద్వారం పక్కన గోడకు ఆనుకొని కూర్చున్నాను. లేవలేదు.

ఖలీద్ పిలిచాడు. “విజయన్నా” అని రెండుసార్లు.

ఆ దెబ్బకు నాకు ఏదీ వినబడలేదని అందరికీ చెప్పుకుంటాను. పోయింది ఒక చెవే ఆపా. రెండోది బాగానే ఉంది. రెండో చెవికి వినబడింది.

మనుషులు వచ్చి బయటికి వెళ్ళేసరికి అయిపోయింది. గాయపడిన తోటి సైనికుడికి సాయం చేశానని నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అబ్బా అడిగిన దానికి జవాబు ఇదే. కొంతసేపు ఒంటరిగా లేడు. చివర్న ఒంటరిగానే ఉన్నాడు.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

విజయేందర్

&nbsp;

అమీర్‌పేట,
డిసెంబర్ 15

ఆపాకు,

మీ నుంచి ఉత్తరం లేదు. ఉండాలని అడిగే హక్కు నాకు లేదు. ఒక్క సంగతి చెప్పడానికే రాస్తున్నాను.

ఐదు వారాలు బాగుంది. ఇప్పుడు మళ్ళీ కొంచెం కొంచెం మొదలైంది. గోడకు వీపు ఆనించి కూర్చుంటున్నాను. డాక్టరమ్మ ఇంకొకటి చేద్దామంటున్నది, రెండో దానికి ఎక్కువ కాలం నిలవొచ్చట. వద్దన్నాను. ఆమె కారణం అడిగితే చెప్పలేదు. మీకు చెప్తాను. ఆ ఐదు వారాల్లో ఒకరోజు సురేందర్‌తో కలిసి బిర్యానీ తిన్నాను, రుచి తెలిసింది. ఆ రుచి నాకెందుకు దక్కాలి? ఈ అదురు నాకు రావాల్సిందే, రానీ అనిపిస్తోంది.

అబ్బాకు నా సలాం చెప్పండి. చెప్పడం ఇష్టం లేకపోతే వద్దు.

విజయేందర్

&nbsp;

కామారెడ్డి,
జనవరి 4

విజయేందర్‌కు,

“రెండో చెవికి వినబడింది.” ఆ మాట దగ్గర నీ ఉత్తరం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టాను. మిగిలిన నాలుగు వరసలు చదవడానికి నాకు మూడు వారాలు పట్టింది. నీ మీద వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంగన్‌వాడీలో పిల్లలు “టీచర్, టీచర్” అని పిలుస్తారు కదా, ఒక్క పిలుపుకే తిరిగి చూస్తాను. నువ్వు రెండుసార్లు విన్నావు. నేను అక్కడ ఉంటే కాళ్ళు లేకపోయినా పోయేదాన్ని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు తేలిక. నా మీద షెల్ పడలేదు.

ఇప్పుడు నా సంగతి విను. అక్టోబర్‌లో అబ్బా బాగున్నారని రాశాను. బాగాలేరు. అప్పటికే ఆస్పత్రిలో ఉన్నారు, కిడ్నీలు పనిచేయడం లేదు. ఆ సంగతి తెలిస్తే నువ్వు తొందరపడి ఏదో ఒకటి రాసేస్తావని, లేదా ఇంజక్షన్ మానుకుంటావని దాచాను. ఆ నెల ఇరవై ఏడున పోయారు. నీ ఉత్తరం వచ్చేసరికి రెండు వారాలు దాటింది.

పోయే ముందు రోజు మధ్యాహ్నం మళ్ళీ అదే అడిగారు. నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందని చెప్పాను. “ఖలీద్ ఒక్కడే లేడు అబ్బా. విజయేందర్ చెయ్యి పట్టుకొనే కూసున్నడట, చివరి దాకా” అన్నాను. అబ్బా కళ్ళు తెరిచి, “ఏ చెయ్యి?” అన్నారు. “కుడి చెయ్యి” అన్నాను. ఆయన తన కుడి చెయ్యి మీద ఎడమ చెయ్యి వేసుకొని పడుకున్నారు. ఆ తర్వాత ఇక అడగలేదు.

కాబట్టి అబద్ధం చెప్పింది నువ్వొక్కడివే కాదు. నేను నా కన్నతండ్రి ముఖం చూసి చెప్పాను. నీ నిజం ముందే వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. బహుశా అదే అబద్ధం చెప్పేదాన్ని.

నిన్ను మాఫ్ చేశానా అని అడగకు. ఒకరోజు చేసినట్టు ఉంటుంది, ఇంకోరోజు ఉండదు. కానీ రెండో ఇంజక్షన్ వద్దన్నావని చదివినప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. నువ్వు వణికితే మా ఖలీద్‌కు ఏం ఒరుగుతుంది? జనగామలో కూర్చున్న పిల్ల చేసిన తప్పేంటి? వాడి పేరు చెప్పి ఆ పిల్లకు తండ్రి లేకుండా చేయకు. అది నేను ఒప్పుకోను.

వెళ్ళి చేయించుకో.

కుల్సుం

&nbsp;

అమీర్‌పేట,
ఫిబ్రవరి 1

ఆపాకు,

అబ్బా కబురు చదివాను. ఎవరైనా పోతే అనాలని ఖలీద్ నేర్పిన ఇన్నా లిల్లాహి మాట అనుకున్నాను. ఆయన్ని చూడనేలేదు. మొన్నటిదాకా ఆయన ఉన్నారనుకొనే పొద్దున లేస్తూ వచ్చాను.

మంగళవారం రెండో ఇంజక్షన్ అయింది. ఈసారి తోడు సురేందర్‌ను రమ్మనలేదు. దివ్యశ్రీకి ఫోన్ చేశాను. నేనే చేశాను, ఎడమ చెవికి పెట్టుకొని. వచ్చింది. పింకీనీ తెచ్చింది. పాప వరండాలో వాళ్ళమ్మకు అవతలి పక్కన కూర్చుంది. వాలిపోయిన నా కన్ను చూసి చాలాసేపటికి, “డాడీ, సూది నొప్పి పెట్టిందా?” అని అడిగింది. కొంచెం అన్నాను. “నాకు కట్టు కట్టినప్పుడు సుత కొంచెమే పెట్టింది” అన్నది. నా దగ్గరికి మాత్రం రాలేదు. రమ్మని నేను అడగలేదు.

తిరిగి ఆటోలో వస్తుంటే, ఎర్రమంజిల్ దాటాక నాకు ఏడుపు వచ్చింది. ఏ చప్పుడూ కాలేదు. ఏదీ గుర్తుకు రాలేదు. ఎండ మామూలుగా ఉంది, ఆటోవాడు ఏదో పాట పెట్టాడు. రెండేళ్ళుగా నాకు ఆ పొద్దుటి మీద భయమే ఉండేది ఆపా. భయం ఎంత పెద్దగా ఉండేదంటే దాని వెనక ఇంకేదీ కనబడేది కాదు. అది పక్కకు జరిగాక చూస్తే ఖలీద్ లేడు. వాడు చనిపోయాడని నాకు ఆటోలో తెలిసింది. అలా రాస్తే పిచ్చిగా ఉంటుంది గానీ, అంతే జరిగింది.

డ్రైవర్ వెనక్కి తిరిగి “అన్నా, ఆపాల్నా?” అన్నాడు. దివ్యశ్రీ “నడిపియ్ అన్నా. ఏడ్వనీ” అన్నది.

వాళ్ళు మళ్ళీ జనగామ వెళ్ళారు. ఇక ప్రతి ఆదివారం వస్తామన్నారు. ఈ మందు ఎన్నాళ్ళు నిలుస్తుందో డాక్టరమ్మకే తెలియదు. మానసిక వైద్యుడి దగ్గర ప్రతి వారం కూర్చొని ఆ పొద్దుటి సంగతి చెప్పాలన్నది, ఒప్పుకున్నాను. మాఫ్ చేశారా అని మిమ్మల్ని అడగడం లేదు. వెళ్ళి చేయించుకోమన్నారు, చేయించుకున్నాను. అది చెప్పడానికే రాశాను.

విజయేందర్

&nbsp;

కామారెడ్డి,
ఫిబ్రవరి 24

తమ్ముడికి,

రంజాన్ మొదలైంది. మొదటి రోజా నాడు ఖబరస్తాన్ దాకా వెళ్ళాను. మాలో ఆడవాళ్ళు లోపలికి పోరు. గేటు పక్కన గోడ కొంచెం పొట్టిగా ఉంటుంది, అక్కడ నిలబడితే ఇద్దరి ఖబర్లూ కనిపిస్తాయి. పక్కపక్కనే ఉన్నాయి.

అక్కడ నిలబడి అబ్బాకు నిజం చెప్పాను. చివరి దాకా ఎవరూ చెయ్యి పట్టుకోలేదని, విజయేందర్ కొంతసేపు ఉండి పట్టీ కట్టి, పెదాలు తడిపి, భయపడి వెళ్ళిపోయాడని, ఖలీద్ పిలిచాడని అంతా చెప్పాను. క్యారమ్స్ సంగతి కూడా చెప్పాను. అది చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. ఓడిపోతే వాడు చిన్నప్పుడూ అలాగే కొట్లాడేవాడు. చెప్పడం అయ్యాక, పక్కనే ఉన్నాడు కదా, వాడే ఈపాటికి తండ్రికి అంతా చెప్పి ఉంటాడనిపించింది. ఇంటికొచ్చి వంట మొదలుపెట్టాను.

గోడ మీది అంకెలు తుడపలేదు. తుడపాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

వచ్చే ఆదివారం ఇఫ్తార్‌కు రా. దివ్యశ్రీనీ పాపనూ తీసుకురా, వాళ్ళు ఎలాగూ ఆ రోజు నీ దగ్గర ఉంటారు కదా. కామారెడ్డి బస్టాండులో దిగితే నేనే వచ్చి తీసుకెళ్తాను. మాఫీ మాట ఎత్తకు. ఖలీద్ గురించి నాకు తెలియనివి నీకు తెలిసినవి ఉంటాయి, అవి చెప్పు. ఆ ఒక్క పొద్దుటివి కాదు, మిగిలిన రోజులవి.

ఒక సంగతి ముందే చెప్తున్నాను. ఉపవాసం విడిచే వేళకు మా మసీదు మీద సైరన్ మోగిస్తారు. మసీదు మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే. గట్టిగా ఉంటుంది, ఊరంతా వినిపిస్తుంది. నీకు కష్టమవుతుందేమో. గడియారం చూస్తూ ఉంటాను. మోగడానికి ఒక నిమిషం ముందు వంటింట్లోంచి వచ్చి, నీ పక్కన కూర్చుంటాను.

నీ ఆపా
కుల్సుం